ఇంటికి తొలి వాల్వు యాంప్లిఫయర్: పరిమిత వ్యయంలో ఎంపిక

వాల్వు యాంప్లిఫయర్ కొనదలచిన కుటుంబం ముందుగా పరిశీలించవలసినది ఇంట్లో ఉన్న, లేదా కొనబోయే స్పీకర్లను. ఆ తరువాత ఇంటికి వచ్చే కరెంటును. వాల్వుల సంగతి మూడవది. ఈ వరుస తలకిందులైన చోటనే డబ్బు వృథా అవుతుంది. దుకాణంలో నిప్పుకణికల వలె వెలిగే గాజు బుడ్లను చూసి మనసుపడి తెచ్చుకున్న పెట్టె, ఇంటిలోని స్పీకర్లను నడిపే బలం లేక, పాట పైస్థాయికి చేరగానే గరగరలాడితే ఆ దోషం వాల్వుది కాదు.

వాల్వు అనగా లోపలి గాలి తీసివేసిన గాజు గొట్టం. అందులో ఒక చిన్న తీగ వేడెక్కి, దాని చుట్టూ ఉన్న కాథోడు నుండి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఎదురుగా ఉన్న ప్లేటుకు అధిక వోల్టేజి ఇస్తే అవి అటు పరుగెడతాయి. నడుమ ఉండే జాలి వంటి గ్రిడ్డు, కాలువకు తూము వలె, ఆ ప్రవాహాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. గ్రిడ్డు మీద పడిన బలహీనమైన సంకేతం ప్లేటు వద్ద బలమైనదిగా బయటపడుతుంది. రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును ఇంగ్లండులో ఫ్లెమింగ్ 1904లోను, మూడవదైన గ్రిడ్డు గల వాల్వును అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లోను రూపొందించారు. అమెరికన్లు దీనిని ట్యూబు అన్నారు. బ్రిటిష్ వారు వాల్వు అన్నారు. మన రేడియో మెకానిక్కులకు అబ్బినది రెండవ పేరే.

సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు ఈ వస్తువు పూర్తిగా కొత్తది కాదు. బడి భాష కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో అయిన ఊళ్లలో తెలుగు పాటను ఇంటి లోపలికి తెచ్చినది రేడియో. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రాన్ని తొలినాళ్లలో విన్నవారు విన్నది వాల్వు రేడియోలోనే. పెళ్లి పందిళ్ల మైకుసెట్లు, టూరింగ్ టాకీసుల సౌండు పెట్టెలు కూడా ఒకప్పుడు వాల్వులతో నడిచినవే. 1954లో స్థాపితమైన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960 దశకంలో రేడియో వాల్వులను స్వయంగా తయారుచేసింది. ఈనాటికీ పాత సెట్లలో ఆ సంస్థ ముద్ర గల వాల్వులు కనిపిస్తాయి. తరువాత ట్రాన్సిస్టరు వచ్చి వీటిని అటకెక్కించింది.

అయినా వీటిని కోరుకునేవారు ఎందుకున్నారు? కొలతల ప్రకారం చూస్తే, నేడు తక్కువ ధరకు దొరికే మంచి ట్రాన్సిస్టరు యాంప్లిఫయరే ధ్వనిని తక్కువ మార్పుతో అందిస్తుంది. వాల్వు యాంప్లిఫయర్, ముఖ్యంగా ఒకే పవర్ వాల్వుతో నడిచేది, మూలధ్వనికి రెట్టింపు పౌనఃపున్యం గల స్వరాన్ని స్వల్పంగా కలుపుతుంది. సంగీత పరిభాషలో అది పైస్థాయి షడ్జమం గనుక చెవికి అపస్వరంగా తోచదు, కొంత నిండుదనంగా తోస్తుంది. శక్తి చాలనప్పుడు కూడా ట్రాన్సిస్టరు వలె ఒక్కసారిగా కోసినట్లు కాక, క్రమంగా అణగుతుంది. పాతాళభైరవి (1951), దేవదాసు (1953) కాలపు పాటలు ముద్రణ పొందినదే వాల్వు పరికరాల మీద. వాటిని అదే జాతి యంత్రంలో వినాలన్న కోరికను తప్పుపట్టనవసరం లేదు. ఆ ఇష్టానికి ఎంత వెచ్చించవచ్చునో ముందుగా నిర్ణయించుకుంటే చాలు.

స్పీకరు లెక్క

ప్రతి మంచి స్పీకరుకు సెన్సిటివిటీ అనే ఒక సంఖ్య ఉంటుంది. ఒక వాట్ శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో అది తెలుపుతుంది. వాట్లు రెట్టింపయితే 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతాయి. పది రెట్లయితే 10 డెసిబెల్‌లు పెరుగుతాయి. చెవికి అది సుమారు రెండింతలుగా తోస్తుంది. అనగా 84 డెసిబెల్‌ల స్పీకరు 40 వాట్లు తీసుకొని ఇచ్చే శబ్దాన్ని 94 డెసిబెల్‌ల స్పీకరు 4 వాట్లతోనే ఇస్తుంది.

ఈ ఒక్క లెక్కలో కొనుగోలు రహస్యమంతా ఉన్నది. ట్రాన్సిస్టరులో వాట్లు చవక. వాల్వులో ప్రతి వాటూ ఖరీదే. 4 వాట్ల చిన్న యాంప్లిఫయరుకు 88 డెసిబెల్‌ల స్పీకర్ల జత కలిపితే, ఒక మీటరు వద్ద ఒక్కో స్పీకరు నుండి 94 డెసిబెల్‌లు వస్తాయి. రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరుబయట లెక్కన 6 తగ్గుతాయి, రెండవ స్పీకరు వల్ల 3 తిరిగి వస్తాయి, గది గోడలు మరికొంత నిలుపుతాయి. పది పన్నెండు అడుగుల గదిలో పాటకు, వయొలినుకు, వీణకు ఇది చాలు. నాదస్వరం, డోలు కచేరీని అసలు స్థాయిలో వినాలంటే చాలదు. అదే యాంప్లిఫయరుకు 84 డెసిబెల్‌ల చిన్న అలమార స్పీకర్లు తగిలిస్తే నిరాశే మిగులుతుంది. అటువంటి స్పీకర్లు ఉండి, మార్చే స్తోమత లేని ఇంటికి ట్రాన్సిస్టరు యాంప్లిఫయరే ఉచితం.

కనుక తొలి కొనుగోలులో డబ్బును పది పాళ్లు చేస్తే, ఐదు పాళ్లు స్పీకర్లకు, నాలుగు పాళ్లు యాంప్లిఫయరుకు, ఒక పాలు స్టెబిలైజరుకు, ఎర్తింగుకు కేటాయించడం సబబు. 90 డెసిబెల్‌లు, ఆపైన గల స్పీకర్లను వెదకాలి. వెనుక 8 ఓములని ఉంటే యాంప్లిఫయరు 8 ఓముల బిగింపుకు, 4 ఓములని ఉంటే 4 ఓముల బిగింపుకు కలపాలి. ఊళ్లో మైకుసెట్టు వారి వద్ద పాత కాలమ్ స్పీకర్లు చవకగా వస్తాయని ఆశపడేవారున్నారు. వాటిలో పెక్కింటి లోపల 100 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇంటి యాంప్లిఫయరుకు అవి నేరుగా పొసగవు.

పేరులోనే జాతకం

వాల్వు మీది అక్షరాలు అర్థం లేనివి కావు. ఐరోపా పద్ధతిలో మొదటి అక్షరం హీటరును తెలుపుతుంది. ఈ అంటే 6.3 వోల్టులు. డి అంటే 1.4 వోల్టులు, కరెంటు రాని ఊళ్లలో బ్యాటరీతో నడిచిన రేడియోలవి. యు అంటే 100 మిల్లీ ఆంపియర్ల మీద వరుసగా గొలుసు కట్టి నడిపేవి. ఈ యు అక్షరాన్ని గుర్తుంచుకోవాలి, ప్రాణాపాయం దాని వెంటనే ఉన్నది. రెండవ అక్షరం పనిని చెబుతుంది. సి చిన్న ట్రయోడు, ఎల్ స్పీకరును నడిపే పవర్ వాల్వు, జెడ్ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్, ఎం రేడియో ముఖాన పచ్చగా మెరిసే మ్యాజిక్ ఐ. సీసీ అని ఉంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. అంకెలలో మొదటిది 3 అయితే లావుపాటి ఎనిమిది పిన్నుల అడుగు, 8 అయితే సన్నని తొమ్మిది పిన్నుల అడుగు.

ఇప్పుడు ఈఎల్84 అన్న పేరు చదివితే 6.3 వోల్టుల హీటరు, పవర్ వాల్వు, తొమ్మిది పిన్నులు అని తెలిసిపోతుంది. అమెరికా వారు దీనినే 6బీక్యూ5 అంటారు. ఈసీసీ83కు వారి పేరు 12ఏఎక్స్7. కొనేటప్పుడు ఈ జంట పేర్లు తెలియక ఒకే వాల్వును రెండు వస్తువులనుకోవడం పరిపాటి.

పరిమిత వ్యయంలో తొలి యాంప్లిఫయరుకు ఈఎల్84 జాతి తగినది. ఒక్కో వైపు ఒక్కొక్కటే ఉంటే 4, 5 వాట్లు వస్తాయి. దీనిని సింగిల్ ఎండెడ్ అంటారు. జతగా ఎదురెదురు పనిచేయిస్తే, అనగా పుష్‌పుల్ పద్ధతిలో, 10 నుండి 15 వాట్లు వస్తాయి. బ్రిటన్‌లోని మల్లార్డ్ సంస్థ 1954లో ప్రకటించిన ఫైవ్-టెన్ అనే నమూనా ఇటువంటిదే. ఐదు వాల్వులు, పది వాట్లు అన్నదే ఆ పేరుకు అర్థం. ఇంతకంటే చవక కావాలంటే ఈసీఎల్82 ఉన్నది. ట్రయోడు, పవర్ వాల్వు ఒకే గాజులో ఇమిడి ఉండడం వల్ల రెండు వాల్వులతోనే స్టీరియో అవుతుంది. శక్తి మాత్రం 3 వాట్ల చుట్టూ.

ఈఎల్34 జత 30 వాట్లకు మించి ఇస్తుంది. 1959లో అమెరికాలో వచ్చిన డైనాకో ఎస్‌టీ-70 ఒక్కో వైపు 35 వాట్లు ఇచ్చినది ఈ వాల్వులతోనే. అయితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద వేడి, పెద్ద ఖర్చు. ఒక్క ఈఎల్34 హీటరు 1.5 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగింటికి హీటర్లకే సుమారు 38 వాట్లు ఆహుతి. 300బీ అనే పేరు విని మోజుపడేవారికి ఒక మాట: ఒక్కో వైపు 8 వాట్ల చుట్టూ ఇచ్చే ఆ వాల్వు ఖరీదులో ఒక చిన్న యాంప్లిఫయరే రావచ్చు. తొలి మెట్టుకు అది తగదు.

పెద్దల నాటి రేడియో

అటక మీది వాల్వు రేడియోకు వెనుక గ్రామఫోను బిగింపు ఉంటే, అదే తొలి వాల్వు యాంప్లిఫయర్ కాగలదు. ఖర్చు మరమ్మతుకే. కానీ ఈ దారిలోనే ప్రమాదం అధికం.

మొదటిది, పైన చెప్పిన యు అక్షరం. యూసీహెచ్81, యూఎల్84, యూవై85 వంటి వాల్వులున్న సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఇంటి కరెంటు తీగలలో ఒకటి నేరుగా లోపలి ఇనుప చట్రానికి కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును ఒక వైపు తిప్పి పెడితే చట్రం న్యూట్రలు, మరొక వైపు తిప్పితే ఫేజు. చెక్కపెట్టె, ప్లాస్టిక్ బొత్తాలు ఉన్నంతవరకు ఆనాటివారు క్షేమంగా విన్నారు. అటువంటి సెట్టుకు సెల్‌ఫోను నుండి తీగ తగిలిస్తే, ఆ ఫోను లోహభాగాన్ని పట్టుకున్న పిల్లవాడు 230 వోల్టుల ఫేజును పట్టుకున్నట్టే. యు వాల్వులున్న సెట్టును రేడియోగానే ఉంచాలి. దానికి బయటి తీగ ఏదీ తగిలించరాదు. వాల్వుల పేర్లన్నీ ఈ అక్షరంతో మొదలై, లోపల బరువైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే ముందుకు సాగాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా, దాని నుండి చట్రానికి కరెంటు కారడం లేదని మెకానిక్కు చేత పరీక్షింపజేయాలి.

రెండవది, ఏళ్ల తరబడి మూలనున్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టరాదు. లోపలి కాగితపు కండెన్సర్లు, ఫిల్టరు కండెన్సర్లు కాలక్రమేణా చెడిపోతాయి. పవర్ వాల్వుకు ముందున్న ఒక చిన్న కండెన్సరు కారడం మొదలుపెడితే, వాల్వు ప్లేటు ఎర్రబారి, దాని వెంట అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. పది రూపాయల వస్తువు కోసం వేల రూపాయల వస్తువు పోతుంది. తెలిసిన మెకానిక్ ఆ కండెన్సర్లను ముందే మార్చి, 60 వాట్ల బల్బును సీరీసులో పెట్టి తొలిసారి కరెంటు ఇస్తాడు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగి సెట్టు బతికిపోతుంది. దీనికి పాతకాలపు ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్ఈడీ బల్బు పనికిరాదు.

మూడవది, లోపలి వోల్టేజి. ఈ సెట్లలో 250 నుండి 450 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో అది నిలిచి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు మూత తెరిచి చూద్దామనే అలవాటు ఇక్కడ ప్రాణం తీయగలదు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన సెట్టును మోటారు వైండింగ్ షాపుకు తీసుకువెళ్లేవారు ఉన్నారు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వారు చుట్టగలరు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు. అందులో రెండు చుట్లను పొరలు పొరలుగా కలిపి చుట్టాలి, సింగిల్ ఎండెడ్‌కు ఇనుప రేకుల నడుమ సన్నని సందు వదలాలి. ఇది తెలిసినవారు కొద్దిమందే. విడిభాగాలకు కోలారు, హోసూరు వైపు వారికి బెంగుళూరు ఎస్పీ రోడ్డు, తిరుత్తణి వైపు వారికి చెన్నై రిచీ స్ట్రీట్, నాందేడ్, సిరొంచ వైపు వారికి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ తెలిసిన చోట్లే.

కొత్తది కొనేటప్పుడు

కొత్త పెట్టెను ముందుగా ఎత్తి చూడాలి. నిజమైన వాల్వు యాంప్లిఫయరులో మెయిన్స్‌కు ఒకటి, రెండు వైపులకు రెండు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి గనుక చిన్నదైనా బరువుగా ఉంటుంది. అరచేతిలో ఇమిడి, కిలో కూడా తూగని పెట్టెలో రెండు వాల్వులు వెలుగుతున్నాయంటే, స్పీకరును నడిపేది వాటి వెనుక ఉన్న చిప్పు. వాల్వు ముందు దశలో మాత్రమే ఉంటుంది. వీటిని హైబ్రిడ్ అంటారు. కొన్నింటిలో వాల్వు కింద ఎల్ఈడీ దీపం అమర్చి ఎరుపు, నీలం వెలుగు చూపుతారు. హీటరు వెలుగు నారింజ రంగే, నీలిదీపం అలంకారమే. హైబ్రిడ్ చెడ్డ వస్తువని కాదు, తక్కువ సెన్సిటివిటీ గల స్పీకర్లకు అదే మేలు కూడా. పూర్తి వాల్వు యాంప్లిఫయరని చెప్పి అమ్మితే మాత్రం మోసం.

తరువాత బయాస్ గురించి అడగాలి. పవర్ వాల్వు మార్చినప్పుడల్లా మీటరు పెట్టి సరిచేయవలసినది ఫిక్స్‌డ్ బయాస్. తనంతట తాను సర్దుకునేది కాథోడ్ బయాస్, దీనినే సెల్ఫ్ బయాస్ అని కూడా అంటారు. మెకానిక్ దూరాన ఉన్న పల్లెకు రెండవదే తగినది. వాల్వుల మీద లోహపు జాలి మూత తప్పక ఉండాలి. పవర్ వాల్వు గాజు చర్మం కాల్చేంత వేడెక్కుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో జాలి లేని యాంప్లిఫయరును నేల మీద గానీ, పొట్టి బల్ల మీద గానీ ఉంచరాదు.

అమెరికాలో ఉన్న కొడుకో, మేనల్లుడో తెస్తామంటే, వెనుక రేకు మీది అంకెలు ఫోటో తీసి పంపమనాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. జపానులో 100 వోల్టులు. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు సరిపోతాయి, హెర్ట్‌జ్ మారవు. 60 హెర్ట్‌జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద అధికంగా వేడెక్కుతుంది. రేకు మీద 50/60 అని లేని దానిని ఉచితంగా వచ్చినా వద్దనడం మంచిది.

వాల్వులు అరిగే వస్తువులు. పవర్ వాల్వులు సాధారణంగా రెండు వేల నుండి ఐదు వేల గంటలు, చిన్నవి అంతకు ఎక్కువ పనిచేస్తాయి. రోజుకు రెండు గంటలు వింటే ఏడాదికి సుమారు 730 గంటలు. మూడు నాలుగేళ్లకొకసారి పవర్ వాల్వుల ఖర్చు వస్తుందని ముందే లెక్క వేసుకోవాలి. నేడు కొత్త వాల్వులు ముఖ్యంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుండి వస్తాయి. 2022లో రష్యా ఎగుమతులకు అంతరాయం కలిగినప్పుడు సరఫరా బిగుసుకుని ధరలు పెరిగాయి. అందుచేత ఎక్కువమంది వాడే ఈఎల్84, ఈసీసీ83 వంటివి ఉన్న యాంప్లిఫయరునే ఎంచుకొని, ఒక జత అదనంగా ఇంట్లో ఉంచుకోవడం వివేకం. పాత మార్కెట్టులో మాత్రమే దొరికే అరుదైన వాల్వు గల పెట్టె ఎంత చవకైనా వదలివేయాలి. కరెంటు బిల్లుకు భయపడనక్కరలేదు. సింగిల్ ఎండెడ్ ఈఎల్84 స్టీరియో 60 వాట్లు లాగుతుందనుకుంటే, రోజుకు మూడు గంటల చొప్పున నెలకు ఐదున్నర యూనిట్ల లోపే.

కరెంటు సంగతి

పొలం మోటార్లు నడిచే వేళల్లో ఇంటి వోల్టేజి పడిపోవడం, రాత్రి పొద్దుపోయాక పెరగడం అనేక పల్లెల్లో అనుభవమే. 230 వోల్టులకు 6.3 ఇచ్చే హీటరు చుట్టు, 190 వోల్టుల వద్ద 5.2 ఇస్తుంది, 260 వద్ద 7.1 ఇస్తుంది. రెండూ వాల్వు ఆయువును తగ్గించేవే. పైగా ఎక్కువ వోల్టేజిలో ప్లేటు వోల్టేజి కూడా పెరిగి కండెన్సర్ల మీద భారం పడుతుంది. టీవీకి వాడే తరహా చిన్న స్టెబిలైజరు ఈ యాంప్లిఫయరుకు సరిపోతుంది. చదరపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టరు మీద నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు అయితే ఆ బాధ లేదు. ఉరుముల వేళ ప్లగ్గు పీకివేయాలి.

ఎర్తింగు లేని మూడు పిన్నుల సాకెట్టు ఉన్న ఇళ్లు నేటికీ ఉన్నాయి. మూడవ రంధ్రం ఉంటుంది, దాని వెనుక తీగ ఉండదు. యాంప్లిఫయరు లోపల ఏదైనా తీగ ఊడి చట్రానికి తగిలితే, ఎర్తు ఉన్న ఇంట్లో ఫ్యూజు పోతుంది, లేని ఇంట్లో మనిషికి షాక్ కొడుతుంది. ఎలక్ట్రీషియను చేత ఎర్తును పరీక్షింపజేసిన తరువాతనే పెట్టెను ఇంటికి తేవాలి. గుంయ్‌మనే శబ్దం తగ్గుతుందని ఎవరో చెప్పగా ఎర్తు పిన్నును విరిచివేయడం ఎన్నటికీ చేయరాని పని.

తొలిరోజు బిగింపులో ఒక క్రమం ఉన్నది. ముందు స్పీకరు తీగలు బిగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ గల వాల్వు యాంప్లిఫయరును స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా పెరిగి లోపల నిప్పు రవ్వ లేచి చెడిపోవచ్చు. ట్రాన్సిస్టరుకు అలవాటుపడినవారికి ఈ సంగతి తెలియదు. దానికి ప్రమాదం తీగలు ఒకదానికొకటి తగిలితే, దీనికి ప్రమాదం తీగ ఊడితే. తరువాత పాట వచ్చే తీగ, ఆపైన సౌండు బొత్తాం సున్నాకు తిప్పి స్విచ్చు వేయాలి. అర నిమిషం వరకు ఏమీ వినిపించదు, హీటర్లు వేడెక్కాలి. ఆ తరువాత గది దీపం ఆర్పి పవర్ వాల్వులను చూడాలి. మధ్యలో నారింజ వెలుగు ఉంటే సరే. చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు మీద ఎర్రని మచ్చ కనిపిస్తే వెంటనే స్విచ్చు ఆపి, దుకాణానికి ఫోను చేయాలి.